లెక్క చూపించరేం?

ఇంటి పన్ను నోటీసు వచ్చింది. కట్టాల్సిన మొత్తం ఉంది, గడువు ఉంది, ఆలస్యమైతే వేసే వడ్డీ కూడా ఉంది. ఆ మొత్తం ఎలా తేలిందో మాత్రం లేదు!

ఒకచోట ఇంటికి ఏడాదికి ఎంత అద్దె వస్తుందో అంచనా వేస్తారు. ఇంకోచోట అమ్మితే ఎంత పలుకుతుందో చూస్తారు. మరోచోట చదరపు అడుగుల లెక్క. ఆపైన దాని మీద వేసే శాతం. ఏ పద్ధతైనా సరే, కట్టేవాళ్లకు చెప్పాలి కదా? మేం అద్దెకే ఇవ్వని ఇంటికి అద్దె ఊహిస్తారు. అమ్మే ఆలోచనే లేని ఇంటికి ధర కడతారు. చుట్టుపక్కల స్థలాల రేట్లు పెరిగాయని మా ఇంటి విలువా పెంచేస్తారు. అవే గోడలు, అదే కప్పు. నాన్నగారి పెన్షన్ పెరిగిందా? చాలాచోట్ల ఇల్లు పాతబడినందుకు దాని విలువలో కొంత తరుగు కింద తగ్గిస్తారు. మాకు తగ్గించారా? కొలతలు ఎప్పుడు తీసుకున్నారు? మెట్లు, బాల్కనీ కూడా కలిపేశారా?

అడిగితే "సిస్టమ్‌లో అలాగే ఉంది" అంటారు. అందులో ఎక్కించింది మనుషులే కదండీ! అభ్యంతరముంటే అప్పీలు చేసుకోమంటారు. లెక్కే తెలియనప్పుడు దేని మీద అప్పీలు చేయాలి? వైశాల్యం, రేటు, తరుగు, రాయితీ. ఈ నాలుగు అంకెలు ఆ కాగితం మీద వేయడానికి అంత కష్టమా?