సముద్రం లేకే ఈ తిప్పలు

మా బావమరిది మద్రాసులో ఉంటాడు. డిసెంబరు వచ్చిందంటే ఫోన్ చేసి "బావా, ఇవాళ మూడు కచేరీలు విన్నాం" అంటాడు. మూడింటికీ కలిపి రెండు మాటలు చెప్పి, సభ క్యాంటీన్లో తిన్న దోసె గురించి పావుగంట చెప్తాడు. అయినా ఒప్పుకోవాలి. 1928లో పుట్టిన మ్యూజిక్ అకాడమీలో నేటికీ జనం టికెట్ కొనుక్కుని, తెలుగు ముక్క రాకపోయినా త్యాగయ్య తెలుగు కీర్తనలకు తల ఊపుతున్నారు. తెలుగు వచ్చిన మనకు హైదరాబాదు చిక్కడపల్లిలో సాక్షాత్తూ త్యాగయ్య పేరుతోనే గానసభ ఉంది. ఊరికే రానిచ్చినా వెళ్లం.

దీని మీద నేను చాలాకాలం పరిశోధన చేశాను. కారణం ఒక్కటే తేలింది: సముద్రం. వాళ్లకు సాయంత్రం చల్లగాలి వీస్తుంది, సంగీతం వినాలనిపిస్తుంది. మనకు వీచేది హుస్సేన్ సాగర్ గాలి. దాని గురించి ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది.

అలాగని మనకు వేదికలు లేవా? టాగూరు శతజయంతి ఏడాది, 1961లో, సర్వేపల్లి రాధాకృష్ణన్ చేతుల మీదుగా తెరిచిన రవీంద్రభారతి ఉంది. కాకపోతే దగ్గర్లోనే శాసనసభ ఉండటంతో పోటీ కాస్త గట్టిగా ఉంటుంది. మాదాపూర్‌లో శిల్పకళావేదిక ఉంది. సినిమా ఫంక్షన్లు లేని రోజున అక్కడ కళలు కూడా జరుగుతాయి.

ఇన్ని ఉన్నా ఈ నేల మీద నిజంగా వర్ధిల్లిన కళ మాత్రం సన్మానం.

మొన్న మా చుట్టాలమ్మాయి కూచిపూడి ఉందంటే వెళ్లాం. హాలు పేరెందుకు లెండి. కార్డులో ఆరింటికని ఉంది. ముఖ్య అతిథి పంజాగుట్ట దగ్గర ట్రాఫిక్‌లో ఉన్నారని ఏడుంపావు దాకా దీపం వెలిగించలేదు. వేదిక మీద పదకొండు కుర్చీలు, వచ్చిన పెద్దలు పద్నాలుగు మంది. లోపలి నుంచి మూడు ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చారు. అందులో ఒకదాని మీదున్న మృదంగం ఆయన్ని లేపి మరీ తెచ్చారు.

ఆ తర్వాత అసలు ప్రదర్శన. కవరు చించిన చప్పుడు, శాలువా, పూలదండ, "సార్, ఒక్కసారి ఇటు", జ్ఞాపిక, మళ్లీ "సార్, ఇటు". ఫోటో పడగానే శాలువా తీసి మడిచే ఆ ఒడుపు చూడాలి, ఏళ్ల సాధన ఉంటే గానీ రాదు. పక్కన అమ్మాయి మేకప్‌తో, నగలతో వాళ్లమ్మ ఒడిలో నిద్రపోయింది. కాళ్ల పారాణి కాస్తా వాళ్లమ్మ పట్టుచీరకు అంటుకుంది. తొమ్మిదింటికి మైకులో "సమయాభావం వల్ల" అన్నారు. పళ్లెం మీద తరంగం మూడు నిమిషాల్లో ముగిసింది. మేం చప్పట్లు కొడుతుంటే హాలు మనిషి ఒక్కో ఫ్యానూ ఆపేస్తున్నాడు.

సురభి వాళ్లు గుర్తొచ్చారు. 1885లో కడప జిల్లా సురభిలో కీచకవధతో మొదలైన కుటుంబ నాటకం అది. ఇప్పుడు హైటెక్ సిటీకి కాస్త అవతల, శేరిలింగంపల్లి సురభి కాలనీలో ఉంటున్నారు. తెర పడి లేచేలోగా అడవిని కోట చేస్తారు, స్టేజీ మీద వాన కురిపిస్తారు, నారదుణ్ణి తాళ్లతో ఆకాశంలోంచి దింపుతారు. ముఖ్య అతిథుల్ని పంజాగుట్ట నుంచి దింపే కాంట్రాక్టు వాళ్లకిస్తే బాగుంటుందని నా సూచన. సముద్రం తేవడం కంటే చౌక కూడా.

నిన్న బావమరిది మళ్లీ ఫోన్ చేశాడు. "సంక్రాంతికి వస్తున్నాం బావా, మంచి ప్రోగ్రాం ఏదన్నా ఉందా?"

"ఉంది."

"పాడేదెవరు?"

"అది తెలీదు. సన్మానాలు మాత్రం పదకొండు. చెన్నై నుంచి విచ్చేసిన కళాభిమాని అని నీ పేరు కూడా ఇచ్చా."

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు: "శాలువా ఏ రంగుది బావా?"