చాక్లెట్ బిళ్ళలతో ఆడితే జూదమా బాబాయ్?

నిన్న రాత్రి యూదుల దీపాల పండగ హనూకాకి దీపాలు వెలిగించి అందరం డ్రేడెల్ అనే నాలుగు పలకల బొంగరం ఆడుతుంటే వీడియో తీసి మా ఇంటి గ్రూపులో పెట్టాను. పొద్దున్నే ఒక బాబాయి మెసేజ్: "చంటిదానికి అప్పుడే జూదం నేర్పుతున్నారా? పరాయి పండగలు మనకెందుకమ్మా?" దాని కింద వరసగా లైకులు. నాకు ఒళ్ళు మండిపోయింది.

పరాయి పండగేంటి? మా ఆయన యూదుడు. నా కూతురికి అది వాళ్ళ నాన్న పండగ. అంతెందుకు, గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదు కుటుంబాలే ఉన్నాయి, సొంత ప్రార్థనామందిరం సినగాగ్‌తో సహా.

ఇక జూదం సంగతి. మా డ్రేడెల్ మామగారి నాన్నగారిది, చెక్కది. నాలుగు వైపులా నాలుగు హీబ్రూ అక్షరాలు; అంచులు అరిగిపోయి షీన్ అక్షరం సగం చెరిగిపోయింది. మా పాప రెండువేళ్ళతో కాడ పట్టుకుని, నాలుక బయటపెట్టి తిప్పుతుంది. గిమెల్ పడితే మధ్యలో పోగంతా తనదే, హే పడితే సగం, నూన్ పడితే ఏమీ రాదు, షీన్ పడితే ఒకటి కట్టాలి. కట్టేది బంగారురంగు రేకు చుట్టిన చాక్లెట్ బిళ్ళ! మొదట తిప్పినవాళ్ళకి కొంచెం మొగ్గుంటుందని ఫైనర్మన్ అనే గణితవేత్త 1976లోనే లెక్కగట్టాడట. లెక్కల మేష్టారుగా చేసిన మా మామగారు అది చెప్పి మరీ ఏటా మొదటి వంతు పాపకే ఇస్తారు. జూదగాళ్ళెవరైనా అలా ఇస్తారా?

ఆ నాలుగక్షరాలు "అక్కడ గొప్ప అద్భుతం జరిగింది" అనే మాటలకి గుర్తు. ఇజ్రాయెల్‌లో షీన్ బదులు పే ఉంటుంది, "ఇక్కడ జరిగింది" అని. యూదుల పవిత్రగ్రంథం తోరా చదవద్దని పూర్వం అంతియోకస్ అనే గ్రీకు రాజు ఆంక్ష పెడితే, సైనికులొచ్చినప్పుడు పిల్లలు పుస్తకాలు దాచి బొంగరాలు తిప్పేవారని కథ. ఆట అసలు యూరప్ బొంగరం నుంచి వచ్చిందని చరిత్రకారులంటారు. అననీ, మా పాప హీబ్రూ అక్షరాలు పట్టుకున్నది ఈ బొంగరం మీదే.

సంక్రాంతికి భీమవరం వైపు బరుల్లో కోడికాలికి కత్తికట్టి లక్షలు ఒడ్డుతుంటే అది సంప్రదాయం. రాత్రంతా పేకాటలో కూర్చుంటే అది సరదా. ఈ బాబాయే కదా, ఒక పండక్కి పిన్ని గాజులు తాకట్టు పెట్టొచ్చింది? ఆ రోజు గ్రూపులో ఒక్కరైనా నోరెత్తారా?

ఆ పండగల్లో మా అమ్మ ఎక్కడుండేది? అరిసెల పాకం దగ్గర. పెద్దమ్మ నూనె మూకుడు దగ్గర. మగాళ్ళు పేకముక్కలు పంచుకుంటూ, తల తిప్పకుండా, "ఇంకో విడత టీ" అని కేకేసేవాళ్ళు. ఇక్కడ హనూకా దీపాలు వెలుగుతున్నంతసేపు ఆడవాళ్ళు పనిచేయకూడదని పాత ఆచారం. నా మొదటి హనూకాకి గిన్నెలు తోమబోతే మా అత్తగారు చెయ్యిపట్టి లాక్కొచ్చి కూర్చోబెట్టారు. అలా నన్ను పండగపూట మా ఊళ్ళో ఒక్కరు కూర్చోబెట్టలేదు. ఇది నేనెప్పటికీ మర్చిపోను.

సంక్రాంతికి ఊరొస్తున్నాం బాబాయ్. డ్రేడెల్ కూడా తెస్తున్నా. అమ్మ, పెద్దమ్మ, పిన్ని చాప మీద కూర్చుని ఆడతారు. టీ మీరు పెట్టండి, పాపకి పాలల్లో పంచదార తక్కువ వెయ్యండి.