ఆ రబ్బరు ముక్కలు పీకించేయండి, బాబాయ్

ఈ వారంలో ఆ కార్ల మెసేజ్ నాకు రావడం ఇది నాలుగోసారి. మొదట మా బాబాయ్ పంపారు, తర్వాత ఆఫీసు గ్రూపులో వచ్చింది, తర్వాత పక్కింటాయన, నిన్న నాతోపాటు మెకానికల్ చదివినవాడు. వాడు కూడా! ‘మీ కారు వెనక బీమ్ ఉందా? మలుపులో మృత్యువే’ అంటూ ఐదు పాయింట్లు, చివర మూడు దండాలు. బీమ్ అంటే టార్షన్ బీమ్, వెనక చక్రాలు రెంటినీ కలిపే అడ్డకమ్మీ.

అందులో డిక్కీలో ఇసుక బస్తా వేసుకోమన్నదాన్ని వదిలేద్దాం. వేసుకోండి, పెట్రోలు మీదేగా.

టార్షన్ బీమ్ చవక కాబట్టి ప్రమాదం, ఇండిపెండెంట్ (ఏ చక్రానికా చక్రం విడిగా కదిలే ఏర్పాటు) అయితే భయమే లేదట. చవకే, కాదన్లేదు. కానీ 1960 మోడల్ షెవర్లే కోర్వేర్ వెనక ఉన్నది ఇండిపెండెంటే. స్వింగ్ యాక్సిల్, అంటే చక్రంతోపాటు దాని ఇరుసూ పైకీ కిందికీ ఊగేది. మలుపులో వెనకభాగం లేచిందంటే చక్రం లోపలికి ముడుచుకునేది. 1965లో అమెరికా లాయరు రాల్ఫ్ నేడర్ దాన్ని పుస్తకానికెక్కించాడు. (ఆ కాలపు మిగతా కార్లకన్నా ఘోరమేం కాదని 1972లో అమెరికా ప్రభుత్వ పరీక్షల్లో తేలింది, అది వేరే కథ.) ఇటు 2019లో జర్మనీలోని నూర్బుర్గ్‌రింగ్ రేస్ ట్రాక్‌లో ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్ల రికార్డు కొట్టిన రెనో మెగాన్ ట్రోఫీ-ఆర్ వెనక ఏముంది? బీమే. మృత్యువు 7 నిమిషాల 40 సెకన్లలో రౌండు కొట్టొచ్చిందన్నమాట.

నా కోపమంతా బఫర్ల మీద. వెనక స్ప్రింగుల్లో రబ్బరు బఫర్లు ఇరికిస్తే ఊగడం తగ్గి పట్టు పెరుగుతుందట. ఊగడం తగ్గుతుంది. పోయేది పట్టే. రబ్బరు ఇరుక్కున్న చుట్టు సరిగా కదలదు, మిగతా చుట్లే మొత్తం మోయాలి, స్ప్రింగు బిగుసుకుంటుంది. మలుపులో బరువు బయటి చక్రాల మీదికి మళ్లుతుంది కదా, అందులో ఎక్కువ వాటా కారులో స్ప్రింగులు బిగుసుకున్న కొసదే, అంటే ఇక్కడ వెనకదే. అక్కడ బయటి టైరు నలిగిపోతుంది, లోపలిది తేలిపోతుంది, ఆ కొసే మొదట జారుతుంది. కంపెనీవాళ్లు ముందు చక్రాలే మొదట జారేలా కారును కూర్చేది మనలాంటివాళ్ల కోసమే. భయపడి యాక్సిలరేటర్ వదిలితే అవి మళ్లీ రోడ్డు పట్టుకుంటాయి. వెనక జారుతున్నప్పుడు అదే పని చేశారో, తోక ఇంకా బయటికి పోతుంది.

నాకెలా తెలుసంటారా? నేనూ వేయించాను. ఐదుగురం సామాన్లతో వెళ్తుంటే స్పీడ్‌బ్రేకర్ల మీద అడుగు గీరుకుంటోందని. గీరుకోవడం ఆగింది కూడా, అబద్ధమెందుకు. తొలి వానకి, ఒక్కణ్నే, ఖాళీ డిక్కీతో ఫ్లైఓవర్ దిగే వంపులో, స్పీడు నలభైకి మించి లేదు, వెనకభాగం పక్కకి జానెడు జరిగింది. ఆ సాయంత్రమే పీకించాను. చుట్లు నొక్కిన గాట్లతో ఆ రబ్బరు ఇంకా మా షెడ్డులో పడి ఉంది.

రెండే కొత్త టైర్లు కొంటే ముందు వేయించాలట. వెనక వేయించండి. వానలో ముందు జారితే కారు తిన్నగా పోతుంది, వెనక జారితే బొంగరమే.

ఇక వెనక చక్రాల అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు కొలిచి సర్దడం) దోపిడీ అన్నది. ఇక్కడ మాత్రం ఆ మెసేజ్ రాసిన మహానుభావుడికి సగం మార్కులు. చాలా బీమ్ కార్లలో వెనక సర్దడానికి బోల్టే ఉండదు. కొలిపించాలి, గుంతలో పడి బీమ్ వంగితే తెలిసేది అక్కడే. కానీ ‘రియర్ అడ్జస్ట్‌మెంట్’ అని విడిగా బిల్లు వేస్తే, తిప్పిన బోల్టు ఏదో చూపించమనండి. మొన్న నేనడిగాను. కుర్రాడు టార్చి పట్టుకుని కారు కిందికి దూరాడు, చాలాసేపు వెతికాడు, బయటికొచ్చి బిల్లులో ఆ లైను కొట్టేశాడు.