బయట పెట్టమన్నది మేమే, బాధ్యులు మాత్రం మీరే

పరీక్ష హాలు గుమ్మం పక్కన గోడకి ఒక బోర్డు ఉంటుంది. "సెల్‌ఫోన్లు, బ్యాగులు, చేతి గడియారాలు లోనికి అనుమతించబడవు. బయటనే ఉంచవలెను." దాని కిందే, అదే రంగుతో, ఇంకాస్త పెద్ద అక్షరాల్లో రెండో ముక్క: "మీ వస్తువులకు మీరే బాధ్యులు." కొన్నిచోట్ల ఉదారంగా మూడోదీ రాయిస్తారు: "పోయినచో యాజమాన్యమునకు ఎట్టి సంబంధము లేదు."

పరిపాలనా వాఙ్మయంలో ఇంత చిక్కటి రచన నేను మరొకటి చూడలేదు. మొదటి ముక్క వస్తువును మీ చేతుల్లోంచి లాక్కుంటుంది. రెండోది అది ఇంకా మీ చేతుల్లోనే ఉన్నట్టు లెక్క రాస్తుంది. మూడోది చేతులు కడుక్కుంటుంది. మూడు గంటలపాటు మీరు లోపల, సంచి బయట, మధ్యలో మూసిన తలుపు. లేచి తలుపు సందులోంచి తొంగి చూశారా, మాల్‌ప్రాక్టీస్ కింద పట్టుకుంటారు. అయినా బాధ్యులు మీరే. తపస్సు చేసినవాళ్ళకి కూర్చున్నచోటు నుంచే దూరాన జరిగేది కనపడుతుందని పెద్దలు చెప్పేవారు. మూడో సంవత్సరం విద్యార్థికి ఆ సిద్ధి కలిగే ఉంటుందని పరీక్షల విభాగం వారి గట్టి నమ్మకం.

బయట ఏం జరుగుతోందో చూద్దాం. వరండాలో గోడవారగా సంచుల గుట్ట. అన్నీ నలుపే, అన్నీ ఒకే ఆకారం. ప్రతి సంచిలో ఒక ఫోను, సగం సంచుల్లో ల్యాప్‌టాపు, కొన్నింట్లో పర్సు. 1979లో లారెన్స్ కోహెన్, మార్కస్ ఫెల్సన్ అనే ఇద్దరు అమెరికన్ సామాజిక శాస్త్రవేత్తలు, దొంగతనం జరగాలంటే మూడు ఒకచోట కలవాలని తేల్చారు: కాజేయాలనే బుద్ధి ఉన్న మనిషి, కాజేయదగ్గ వస్తువు, కాపలా లేని వేళ. పరీక్షల విభాగం ఈ సిద్ధాంతాన్ని శ్రద్ధగా చదివి, ఆచరణలో పెట్టింది. వస్తువులన్నిటినీ శ్రమపడి ఒకచోట పోగు చేయించింది. యజమానులందర్నీ లోపల కూర్చోబెట్టి కదలకూడదంది. వాళ్ళు ఎన్ని గంటలకు బయటికొస్తారో టైమ్‌టేబుల్ అచ్చువేసి, నెల ముందే నోటీసు బోర్డులో అంటించింది. ఇక ఆ బుద్ధి ఉన్న మనిషి ఒక్కడే తక్కువ. ఆయన్ని మాత్రం స్వయంగా ఏర్పాటు చేయలేదు, అక్కడికి వారి సంయమనం మెచ్చుకోవాలి.

నాకు బాగా ఇష్టమైన ఘట్టం న్యాయశాస్త్ర విభాగం పరీక్ష రోజున నడుస్తుంది. ప్రశ్నపత్రంలో నాలుగో ప్రశ్న: "బెయిల్‌మెంట్ అనగానేమి? సోదాహరణముగా వివరింపుము." అంటే ఒకరి వస్తువు ఇంకొకరి చేతికి అప్పగించినప్పుడు, తిరిగి ఇచ్చేదాకా దాన్ని జాగ్రత్తగా చూసే బాధ్యత పుచ్చుకున్నవారిదే అని. విద్యార్థి ఉత్సాహంగా 1703 నాటి కాగ్స్ వర్సెస్ బెర్నార్డ్ కేసు ఎత్తుకుంటాడు. ఇంగ్లండ్‌లో ఒకాయన బ్రాందీ పీపాలు ఒక గిడ్డంగి నుంచి ఇంకో గిడ్డంగికి చేరుస్తానని ఒప్పుకున్నాడు, దానికి దమ్మిడీ తీసుకోలేదు. అజాగ్రత్తగా దించడంలో పీపా పగిలి బ్రాందీ నేలపాలైంది. ఊరికే చేసిన సాయమే కదా అంటే కోర్టు ఒప్పుకోలేదు. చేతిలోకి తీసుకున్నాక జాగ్రత్త నీదేనంది. ఈ చివరి వాక్యం కింద విద్యార్థి స్కేలు పెట్టి గీత గీస్తాడు. సరిగ్గా ఆ వేళకి వరండాలో ఆయన సంచి లేచి ఒక అపరిచితుడి భుజమెక్కి, మెట్లు దిగి, గేటు దగ్గర గార్డు కొట్టిన సెల్యూట్ అందుకుని వెళ్ళిపోతుంది. తర్వాత ఆ పేపరు దిద్దిన ప్రొఫెసరు గారు గీత పక్కన ఎర్ర సిరాతో "గుడ్" అని రాస్తారు. పరీక్షల చీఫ్ సూపరింటెండెంటు కూడా ఆయనే. బోర్డు రాయించిందీ ఆయనే.

సంచి పోయినవాడు ఫిర్యాదుకు బయల్దేరతాడు. సెక్యూరిటీ ఆఫీసులో ఒక ఫారం ఇస్తారు.

"వస్తువు పోయిన సమయం ఖాళీ వదిలేశావేం?"

"పది నుంచి ఒంటిగంట మధ్య సార్. లోపల పరీక్ష రాస్తున్నాను."

"మధ్య అంటే కుదరదు. కరెక్టు టైము కావాలి. లేకపోతే ఫుటేజీలో ఎక్కడని వెతకమంటావ్?"

"కరెక్టు టైము తెలిస్తే ఫుటేజీ ఎందుకు సార్?"

ఈ ప్రశ్న విన్న ఆఫీసరు గారు ఫారం తిప్పి రెండో పేజీ చూపిస్తారు. "ఫోను ఐఎంఈఐ నంబరు రాయి. 15 అంకెలు."

"గుర్తులేదు సార్."

"గుర్తుండక్కర్లేదయ్యా. స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కితే అదే వస్తుంది."

"దేంట్లో సార్?"

"ఫోన్లో."

ఇద్దరూ కాసేపు ఒకరినొకరు చూసుకుంటారు. ఆఫీసరు గారికి తను చెప్పిన మాటలోని లోతు అప్పుడే తడుతుంది. కానీ ఫారం ఆయన తయారుచేసింది కాదు, పైనుంచి వచ్చింది. (ఫోను కొన్న పెట్టె మీద కూడా ఆ నంబరు ఉంటుంది. పెట్టె పారేయకుండా ఉన్నవాళ్ళు ఈ క్షణమే ఎక్కడైనా రాసిపెట్టుకోండి. ఈ వ్యాసంలో పనికొచ్చే వాక్యం బహుశా ఇదొక్కటే.)

ఫుటేజీ కావాలంటే దరఖాస్తు పెట్టాలి. దరఖాస్తును విభాగాధిపతి ఫార్వార్డ్ చేయాలి. ఆయన సెమినారులో ఉన్నారు. వచ్చాక సంతకం పెడతారు, కానీ స్టాంపు గుమాస్తా దగ్గర ఉంటుంది, గుమాస్తా సెలవులో ఉంటాడు. అక్కణ్ణుంచి రిజిస్ట్రారు కార్యాలయం. అక్కడ ఇన్‌వార్డ్ నంబరు పడుతుంది, కాబట్టి ఒక సంఖ్యయినా దక్కింది కదా అని విద్యార్థి సంతోషించాలి. రిజిస్ట్రారు గారు "పరిశీలించి తగు చర్య తీసుకొనగలరు" అని రాసి కంప్యూటర్ సెంటరుకి పంపుతారు. కెమెరాలు సెక్యూరిటీ వాళ్ళవే గానీ రికార్డరు కంప్యూటర్ సెంటరుది, మరమ్మతు కాంట్రాక్టు ఇంకెవరిదో. ఇంతలో ఆ రికార్డరు తన ధర్మం తను చేసుకుపోతూ ఉంటుంది: డిస్కు నిండగానే పాత దృశ్యాల మీద కొత్తవి రాసేస్తుంది. దరఖాస్తు నడకకీ డిస్కు పరుగుకీ జరిగే ఈ పందెంలో దరఖాస్తు గెలిచిందన్న మాట నేనింతవరకు వినలేదు. చివరికి విద్యార్థికి అందే జవాబు: "మీరు కోరిన తేదీ ఫుటేజీ లభ్యము కాలేదు. ఇకపై సకాలంలో దరఖాస్తు చేసుకొనగలరు."

విశ్వవిద్యాలయాలకు కాపలా కాయడం రాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 1991లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం కంప్యూటర్ ప్రయోగశాలలో ఒక కాఫీ పాత్ర ముందు కెమెరా బిగించారు. అంతదూరం నడిచి వెళ్ళాక పాత్ర ఖాళీగా కనపడితే ఎంత కష్టం! ఎవరి గదిలో వాళ్ళు కూర్చుని కాఫీ ఉందో లేదో చూసుకునేవారు. 1993లో ఆ బొమ్మని వెబ్‌లో కూడా పెట్టారు, లోకమంతా చూసింది. 2001 దాకా ఆ కెమెరా పనిచేసింది. పోకూడదనుకున్నది కాఫీ అయితే మేధావులు పదేళ్ళు రెప్పవాల్చకుండా కాపలా కాయగలరని దీనివల్ల రుజువైంది.

మన వరండాలో కూడా కెమెరా ఉంది. కాకపోతే అది శిలాఫలకం వైపు చూస్తుంది. ప్రారంభోత్సవం నాడు ఫోటోలో బాగా పడుతుందని అటు తిప్పారు, మళ్ళీ ఎవరూ ఇటు తిప్పలేదు. శిలాఫలకం ఈనాటికీ క్షేమం.

దొంగతనాలు పెరిగాయని గొడవైతే అవగాహన కార్యక్రమం పెడతారు. పోస్టర్లు వెలుస్తాయి. పోస్టర్లతో ఏమీ కాదని అనను. న్యూకాజిల్ విశ్వవిద్యాలయంలో పరిశోధకులు సైకిళ్ళు ఎక్కువగా పోతున్న మూడు చోట్ల, సూటిగా చూస్తున్న రెండు కళ్ళ బొమ్మలు పెట్టారు. 2012లో ఫలితం ప్రచురించారు: ఆ చోట్ల దొంగతనాలు 62 శాతం తగ్గాయి. భేష్! అయితే బొమ్మలు లేని చోట్ల దాదాపు అంతే శాతం పెరిగాయి. దొంగ బొమ్మకి భయపడ్డాడు గానీ వృత్తి మానలేదు, పక్క స్టాండుకి బదిలీ అయ్యాడు. ఈ సంగతి తెలిస్తే మనవాళ్ళు ఒక్క వైస్ చాన్స్‌లర్ గారి బంగళా ముందు కళ్ళు అంటించి, ఆ ప్రాంతంలో నేరాలు అదుపులోకి వచ్చాయని వార్షిక నివేదికలో రాసుకుంటారు.

దొంగలు పడ్డ ఆరు నెలలకి విచారణ కమిటీ పడుతుంది. విచారణకి మొదట ఎవర్ని పిలుస్తారో మీకు తెలుసు, నాకూ తెలుసు. వరండా తుడిచే ఆవిణ్ణి. "ఆ టైములో నువ్వక్కడే ఉన్నావు కదమ్మా?" ఉంటుంది కదండీ, తుడవమని పెట్టుకుంది మీరే కదా! గేటు దగ్గర రోజూ సాయంత్రం ఆవిడ సంచి తెరిపిస్తారు. అందులో ఖాళీ టిఫిను డబ్బా, మడిచిపెట్టిన చీర తప్ప ఏముంటుంది? అదే గేటులోంచి ల్యాప్‌టాపు సంచి వేసుకుని, మెడలో కార్డు వేలాడేసుకుని పోయేవాణ్ణి ఒక్కడంటే ఒక్కణ్ణి ఆపరు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని సామెత చెప్పుకుని ఊరుకుంటారు. ఈశ్వరుడి సంగతి వదిలేయండి, మీరు ఎప్పుడైనా ప్రయత్నించారా? కాంట్రాక్టు మనిషి కాబట్టి ఒక ఫోనుతో ఆవిడ పని పోతుంది. రుజువు అక్కర్లేదు, మెమో అక్కర్లేదు, రేపట్నుంచి రావద్దంటే చాలు. పోయిన ఫోను నెలకి హాస్టల్లో ఒక కుర్రాడి అలమరాలో దొరికినా, ఆవిణ్ణి వెనక్కి పిలిచి క్షమించమ్మా అన్న పెద్దమనిషి పేరు నాకు ఒక్కటి చెప్పండి. అదేమిటండీ అని అడిగితే "విద్యార్థి భవిష్యత్తు పాడవకూడదు" అంటారు. సిగ్గు లేదూ! ఆవిడకి భవిష్యత్తు లేదా? ఆవిడ పిల్లలకి?

ఆ కుర్రాడి సంగతి ఎలాగూ బయటికి రాదు. వస్తే ర్యాంకు పోతుంది, అడ్మిషన్లు పోతాయి. ఈ మూసిపెట్టే రోగం ఒక్క చోటిది కాదు. 1986లో అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయం హాస్టల్లో జీన్ క్లెరీ అనే 19 ఏళ్ళ అమ్మాయిని చంపేశారు. చంపినవాడు అక్కడి విద్యార్థే. దొంగతనానికని, మూసి ఉండాల్సిన తలుపులు తెరిచి ఉంటే వాటిలోంచి వచ్చాడు. ఆ ప్రాంగణంలో అంతకుముందు జరిగిన నేరాల సంగతి తమకెవరూ చెప్పలేదని తల్లిదండ్రులు పోరాడితే, నేరాల లెక్కలు ఏటా బయటపెట్టాలని 1990లో చట్టం వచ్చింది. ఒక ప్రాణం పోతే గానీ అంకెలు బయటికి రాలేదు. వచ్చిన అంకెల్లో అయినా, గదిలోకి చొరబడి ల్యాప్‌టాపు ఎత్తుకెళ్తే లెక్కకి వస్తుంది గానీ లైబ్రరీ బల్ల మీంచి ఎత్తుకెళ్తే మామూలుగా రాదు. ఆ చట్టం కూడా లేనిచోట ఇక చెప్పేదేముంది? పోయింది అన్న మాటే పోనివ్వరు.

1975లో థామస్ మోరియార్టీ అనే పరిశోధకుడు న్యూయార్క్ దగ్గర సముద్రపు ఒడ్డున ఒక ప్రయోగం చేశాడు. ఒకాయన దుప్పటి పరుచుకుని, రేడియో పక్కన పెట్టుకుని, కాసేపటికి లేచి వెళ్తాడు. దొంగ వేషం వేసినవాడు వచ్చి రేడియో పట్టుకుపోతాడు. వెళ్ళేముందు పక్కవాళ్ళతో "కాస్త నా సామాను చూస్తుంటారా" అని అడిగితే, 20 మందిలో 19 మంది దొంగని అడ్డుకోబోయారు. ఆ మాట అడగనప్పుడు కదిలింది నలుగురే. ముక్కూ మొహం తెలియని మనుషులు, ఒక్క మాటకి కట్టుబడి పరుగెత్తారు. మన బోర్డు చేసేది సరిగ్గా దీనికి తలకిందులు. వరండాలో తిరిగే గార్డుకీ, అటెండరుకీ, పక్క హాలు ఇన్విజిలేటరుకీ అది పెద్ద అక్షరాల్లో చెప్తోంది: మీరు చూడక్కర్లేదు.

అందుకని ఈమధ్య కొందరు విద్యార్థులు ఒక విశ్వవిద్యాలయంలో (పేరెందుకు, మీదే అనుకోండి) వినతిపత్రం ఇచ్చారు. వరండాలో ఒక గదికి తాళం, కొన్ని అరలు, నంబరు వేసిన టోకెన్లు, స్టూలు మీద ఒక మనిషి. సంచి ఇచ్చి టోకెను తీసుకుంటారు, టోకెను ఇచ్చి సంచి తీసుకుంటారు. కొత్త కెమెరాలక్కర్లేదు, అవగాహన వారోత్సవం అక్కర్లేదు. కమిటీ కూర్చుంది. ఆర్థిక విభాగం అభ్యంతరం లేదంది, గది కూడా దొరికింది, ఆ తుడిచే ఆవిణ్ణే స్టూలు మీద కూర్చోబెడదామని ఎవరో అన్నారు కూడా. న్యాయ సలహాదారు గారు ఒప్పుకోలేదు. టోకెను ఇస్తే, సంచి మనం తీసుకున్నామని వాళ్ళ చేతికి రుజువు ఇచ్చినట్టవుతుందని ఫైలు మీద రాశారు.