గోల్కొండ చుట్టూ ఎంత ఎత్తు?

హైదరాబాద్ ఆకాశహర్మ్యాలకు మేము వ్యతిరేకం కాదు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైననాడు మాదాపూర్ దాటితే బండలు, గుట్టలే. ఇవాళ అక్కడి నుంచి గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ మీదుగా కోకాపేట దాకా లక్షల మంది పనిచేస్తున్నారు. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎన్నో కుటుంబాల అప్పులు ఆ జీతాలతోనే తీరాయి, పిల్లల చదువులు సాగాయి. పైగా ఈ కొత్త నగరం కోసం పాతబస్తీని పడగొట్టలేదు. అది తక్కువ మంచి కాదు.

చిక్కు వేరేచోట ఉంది. 1591లో కుతుబ్‌షాహీలు గోల్కొండ విడిచి తూర్పుగా మూసీ దాటి చార్మినార్ కట్టుకున్నారు. ఇప్పుడు నగరం పడమటికి పరుగెత్తి గోల్కొండను దాటిపోయింది. చార్మినార్‌కు దూరంగా కడుతున్నామనుకున్న టవర్లు కోటకు దగ్గరయ్యాయి. కోట శిఖరాన ఉన్న బాలాహిస్సార్ బారాదరి మండపం ఎక్కి పడమటికి చూస్తే దిగంతం కనిపించదు, కాంక్రీటు, క్రేన్లే కనిపిస్తాయి. శత్రువు రాకను మైళ్ల దూరం నుంచే కనిపెట్టాలని గుట్ట మీద కట్టిన కోట ఇది. చుట్టూ చూపు ఆనే దూరం కూడా కోటలో భాగమే. గోడలు నిలబెట్టి చూపును మూసేస్తే సగం కోటనే కాపాడినట్టు.

దీనికి చట్టంలో జవాబు లేదు. రక్షిత కట్టడం నుంచి 100 మీటర్ల దాకా నిర్మాణాలు నిషిద్ధం, ఆపై 200 మీటర్లలో నియంత్రణ అని కేంద్ర పురావస్తు చట్టానికి 2010లో చేసిన సవరణ చెబుతుంది. ఆ 300 మీటర్లు దాటితే అరవై అంతస్తులు లేచినా కోట మాటెత్తే నిబంధన అందులో లేదు. ఇటు రాష్ట్రం 2006లో జీవో 86తో ఎఫ్ఎస్ఐ పరిమితి తీసేసింది. స్థలానికి ఇన్ని రెట్లే కట్టాలన్న లెక్క పోయి, రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ, ఫైర్, విమానాశ్రయ అనుమతులు సరిపోతే ఎంతైనా లేపే వీలు వచ్చింది. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఒక ప్లాటు ఎకరం 100 కోట్లు దాటింది. అంత పోసి కొన్నవాళ్లు అంతస్తులు పెంచకుండా ఉంటారా? వాళ్లను తప్పుపట్టలేం. ఖజానా నింపుకోవడానికి అమ్మింది ప్రభుత్వమే.

మనకంటే ముందు ఈ తప్పు చేసి దిద్దుకున్న నగరాలున్నాయి. పారిస్ నడిబొడ్డున 1973లో మోంపర్నాస్ టవర్ పూర్తయింది. జనం మండిపడ్డారు. నాలుగేళ్లకే ఎత్తుపై కఠిన పరిమితులు వచ్చాయి. ఆకాశహర్మ్యాలు ఊరి పొలిమేర బయట లా దెఫాన్స్‌లో పెరిగాయి. వ్యాపారమేమీ ఆగలేదు. లండన్ అయితే 1930ల చివరి నుంచే సెయింట్ పాల్ చర్చి గుమ్మటం ఎక్కడి నుంచి కనిపించాలో గీతలు గీసి, ఆ దారిలో ఎత్తు కట్టడాలకు అడ్డు చెబుతోంది. ఆ గీతలను తప్పుకుంటూనే దాని ఆర్థిక కేంద్రం పెరిగింది.

దిద్దుకోని నగరం లివర్‌పూల్. నదీతీరంలో కొత్త నిర్మాణాల వల్ల 2021 జులైలో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితా నుంచి తీసేసింది. సరిగ్గా అదే సమావేశంలో మన రామప్పకు ఆ గుర్తింపు దక్కింది. మనం రామప్పకు పండగ చేసుకున్నాం. లివర్‌పూల్ సంగతి పట్టించుకోలేదు. పట్టించుకోవాల్సింది, ఎందుకంటే గోల్కొండ కోట, కుతుబ్‌షాహీ సమాధులు, చార్మినార్ 2010 నుంచి అదే గుర్తింపు కోసం తాత్కాలిక జాబితాలో ఎదురుచూస్తున్నాయి. సమాధులకు ఆగాఖాన్ ట్రస్టు దశాబ్దానికి పైగా ఓపికగా మరమ్మతు చేసింది. ఆ గుమ్మటాల వెనక ఏం లేస్తుందన్నది మాత్రం ఆ ట్రస్టు చేతుల్లో లేదు, సర్కారు చేతుల్లో ఉంది.

లేచిన టవర్లను కూల్చమని మేము అడగడం లేదు. అనుమతులు వచ్చినవాటిని కూడా కదపనక్కర్లేదు. మిగిలిన దిక్కులనైనా కాపాడాలి. బారాదరి నుంచి, సమాధుల తోట నుంచి, కోట ద్వారం ఫతే దర్వాజా నుంచి చూపు ఎటెటు ఆనాలో పురావస్తు నిపుణులు, ఆర్కిటెక్టులతో గీతలు గీయించి, ఆ దారిలో గరిష్ఠ ఎత్తు ఎంతో నగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ మాస్టర్ ప్లాన్‌లో చేర్చాలి. ఆ పరిమితిని స్థలం కొన్నాక చెబితే కోర్టు కేసులే మిగులుతాయి. కాబట్టి ప్లాటు విస్తీర్ణం, కనీస ధర పక్కనే అక్కడ అనుమతించే ఎత్తు కూడా వచ్చే వేలం నోటిఫికేషన్‌లోనే అచ్చువేయాలి.