ఒకే పరీక్షకు మూడు పనులు

స్టాఫ్‌రూమ్‌లో ఇద్దరు టీచర్లు కలిస్తే ముందుగా వచ్చే మాట "మీది ఎంతవరకు అయింది?" అనే. "ఇంకా మూడు పాఠాలున్నాయి, రివిజన్‌కి టైమ్ దొరికేలా లేదు" అని జవాబు. అయిందంటే పాఠం చెప్పడం అయిందని. పిల్లలకు అర్థమైందని కాదు. ఈ తేడా ఆ ఇద్దరికీ బాగా తెలుసు. కానీ పైవాళ్లు అడిగేది కూడా ఈ లెక్కే కాబట్టి మాట అక్కడితో ఆగిపోతుంది. పిల్లల మీద పరీక్షల టెన్షన్ గురించి చాలా రాశారు, రాస్తూనే ఉన్నారు. టీచర్‌ని నలిపేసేదీ ఆ పరీక్షే అన్న సంగతి మాత్రం అంతగా చర్చకు రాదు.

పరీక్ష ఉండడమే తప్పని నేననుకోను. ఒకే పరీక్ష చేత మూడు పనులు చేయిస్తున్నాం, చిక్కు అక్కడుంది. పిల్లవాడికి ఏది వచ్చిందో, ఏది రాలేదో అదే చెప్పాలి. ఎవరు పై తరగతికి, పై చదువుకు వెళ్లాలో అదే తేల్చాలి. టీచరూ బడీ సరిగ్గా పనిచేస్తున్నారా అంటే దానికీ అదే సాక్ష్యం. మొదటి పని జరగాలంటే పిల్లవాడు తనకు రానిదాన్ని బయటపెట్టాలి. మిగతా రెండు పనులూ ఉన్నంతకాలం దాన్ని దాచుకోవడమే అతనికి లాభం. టీచర్‌కూ అంతే.

ఇది ఈ కాలంలో పుట్టిన జబ్బేమీ కాదు. 1862లో ఇంగ్లండ్ ప్రభుత్వం బడులకిచ్చే గ్రాంటును పరీక్ష ఫలితాలకు ముడిపెట్టింది. ఇన్‌స్పెక్టర్ ఏడాదికోసారి వచ్చి ఒక్కో పిల్లవాణ్ని చదవడం, రాయడం, లెక్కలు అనే మూడింట్లో పరీక్షించేవాడు. ఒక్కోదాంట్లో తప్పినందుకు బడికి రావాల్సిన డబ్బులో 2 షిల్లింగుల 8 పెన్నీలు కోత. దాంతో ఆ మూడూ తప్ప మిగతా సబ్జెక్టులు మూలపడ్డాయి. ఏ పుస్తకం చదివిస్తారో ముందే తెలుసు కాబట్టి పిల్లల చేత దాన్ని బట్టీ పట్టించారు. అప్పట్లో స్కూల్ ఇన్‌స్పెక్టర్‌గా ఉన్న కవి మాథ్యూ ఆర్నాల్డ్ తన నివేదికల్లో మొత్తుకున్నాడు, చదవడం, రాయడం, లెక్కలు నిజంగా రాని పిల్లల్ని కూడా ఈ పరీక్ష గట్టెక్కించవచ్చని. అయినా ఆ పద్ధతి వదలడానికి 1890ల దాకా పట్టింది.

సరిగ్గా 140 ఏళ్ల తర్వాత అమెరికా అలాంటి దారే పట్టింది. 2002 జనవరిలో వచ్చిన 'నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్' చట్టం ప్రకారం మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఏటా రీడింగ్‌లో, లెక్కల్లో పరీక్ష పెట్టాలి. ఉద్దేశం మంచిదే. వెనకబడిన పిల్లలు సగటు మార్కుల చాటున కనిపించకుండా పోకూడదని, ఒక్కో వర్గం ఫలితాన్ని విడిగా చూపించమన్నారు. కానీ 2014 కల్లా నూటికి నూరు మందీ నిర్ణీత స్థాయి అందుకోవాలన్నారు. నూటికి నూరు! ఆ అంకె వేసినవాళ్లు ఒక్క వారమైనా పాఠం చెప్పి ఉంటారా అని నా అనుమానం. లక్ష్యం అందని బడి మీద చర్యలు తప్పేవి కావు.

ఆ రోజుల్లోనే అక్కడి అట్లాంటా నగరంలో, 2009 పరీక్షల జవాబు పత్రాల మీద తప్పులు చెరిపి ఒప్పులు దిద్దిన గుర్తులు లెక్కకు మించి కనిపించాయి. 44 బడుల్లో 178 మంది టీచర్లు, ప్రిన్సిపాళ్లకు ఇందులో పాత్ర ఉందని 2011లో రాష్ట్ర దర్యాప్తు తేల్చింది. 2015లో 11 మందిని కోర్టు దోషులుగా ప్రకటించింది. ఇక్కడ దొంగ జవాబులు రాసింది పిల్లలు కాదు, పెద్దవాళ్లు. సామాజిక శాస్త్రవేత్త డొనాల్డ్ క్యాంప్‌బెల్ 1976లోనే హెచ్చరించాడు: ఒక అంకెను పట్టుకుని ఎంత పెద్ద నిర్ణయాలు చేస్తే ఆ అంకె అంతగా చెడిపోతుంది, అది కొలిచే పనినీ చెడగొడుతుంది.

మోసం కన్నా నన్ను కలవరపెట్టేది ఇంకొకటి ఉంది. అది నిబంధనల్లోపలే జరుగుతుంది. టెక్సస్‌లోని ఒక ప్రాథమిక పాఠశాలను దగ్గర నుంచి గమనించిన అధ్యయనం 2005లో వచ్చింది. అక్కడ పిల్లల్ని మూడు గుంపులు చేశారు: ఎలాగూ పాసయ్యేవాళ్లు, కాస్త చెయ్యందిస్తే గట్టెక్కేవాళ్లు, ఇక లాభం లేదనుకున్నవాళ్లు. టీచర్ శ్రద్ధ, అదనపు క్లాసులు, అన్నీ మధ్య గుంపుకే. మూడో గుంపులోని పిల్లవాడు ఏడాదంతా కష్టపడి ఐదు మార్కుల నుంచి ఇరవైకి వచ్చాడనుకోండి. చదువులో అది చాలా దూరం. పాస్ శాతంలో అది సున్నా. అతని పక్కన కూర్చుని గంటసేపు చెప్పిన టీచర్‌కు రిపోర్టులో చూపించుకోవడానికి ఏమీ ఉండదు. ఆ గంట ముప్పై మార్కుల పిల్లవాడికి ఇచ్చి ఉంటే ఒక పాస్ పెరిగేది. మంచి టీచర్ చేత కూడా తప్పు పని చేయించేది ఈ లెక్కే.

సిలబస్ తగ్గించేస్తే సరిపోతుంది కదా అని అనేవాళ్లున్నారు. బ్యాగు బరువు కన్నా అర్థంకానితనం బరువు పెద్దదని పిల్లల చదువు భారం మీద కేంద్ర ప్రభుత్వం వేసిన యశ్‌పాల్ కమిటీ 1993లో చెప్పింది. చెప్పాల్సిన పాఠాలు మరీ ఎక్కువైతే అర్థమయ్యేదాకా ఆగడం ఎవరి తరమూ కాదు, నిజమే. అయితే జపాన్ 2002లో పాఠ్యాంశాల్ని దాదాపు 30 శాతం తగ్గించి చూసింది. ప్రవేశ పరీక్షల పోటీ మాత్రం ఎక్కడికీ పోలేదు. దేశదేశాల పిల్లల చదువును పోల్చే పీసా పరీక్షల్లో 2003లో స్థానాలు దిగేసరికి దేశమంతా గగ్గోలు. 2011 నుంచి మళ్లీ పాఠాలు పెంచారు. పుస్తకం పలచనైనంత మాత్రాన పోటీ పలచబడదు.

పరీక్షలు ఎత్తేయమనడం లేదు నేను. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చి, కొందరి చేత దాన్నే మళ్లీ చదివించారు, కొందరికి టెస్ట్ పెట్టారు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత చూస్తే టెస్ట్ రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. అంటే పరీక్ష నేర్పుతుంది కూడా. రూత్ బట్లర్ 1988లో ప్రచురించిన ప్రయోగం ఇంకా ఆసక్తికరం. జవాబుల మీద వ్యాఖ్య మాత్రమే రాసిచ్చిన పిల్లలు తర్వాతి పనిలో మెరుగయ్యారు. మార్కు, వ్యాఖ్య రెండూ ఇచ్చినవాళ్లకు ఆ లాభం దక్కలేదు. అంకె కనబడ్డాక కింద రాసిన మాటలు ఎవరు చదువుతారు?

బడుల పరిస్థితి ప్రభుత్వానికి తెలియాలి కదా అంటే, తెలియాల్సిందే. దానికి ఒక మెతుకు పట్టి చూస్తే చాలు. పీసా చేసేది అదే: 15 ఏళ్ల పిల్లల్లో కొంతమందినే ఎంచి పరీక్షిస్తుంది, ఏ పిల్లవాడికీ మార్కు ఇవ్వదు, ఏ టీచర్‌నూ వేలెత్తి చూపదు. ఫిన్లాండ్ కూడా తన బడుల్ని ఇలా నమూనాగానే చూసుకుంటుంది. దేశమంతటికీ ఒకటిగా పెట్టే పెద్ద పరీక్ష మన ఇంటర్ లాంటి చదువు చివర్లోనే. ఈమధ్య ఆ దేశం పీసా స్కోర్లూ బాగా దిగాయి కాబట్టి దాన్ని స్వర్గంలా చూపించను. నమూనాతో పని జరుగుతుందన్నంత వరకే నా మాట.

రెండో పని, అంటే సీట్ల కోసం వడపోత, ఎలాగూ ఉంటుంది. సీట్లు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ ఉన్నంతకాలం అది పోదు. మూడో పనిని, అంటే టీచర్‌నీ బడినీ తూచడాన్ని, మాత్రం పరీక్ష మీద నుంచి దించవచ్చు. అది దిగితే మొదటి పనికి చోటు దొరుకుతుంది.

దీనికి తల్లిదండ్రులు వెంటనే ఒప్పుకుంటారని చెప్పలేను. మార్కు లేని పేపర్ ఇంటికి పంపితే "ఎన్ని వచ్చాయి?" అనే అడుగుతారు. అప్పుడు టీచర్ ఆ పిల్లవాడి గురించి నాలుగు మాటలు చెప్పగలగాలి: భిన్నాలు కూడడం వచ్చింది, పోల్చడం దగ్గర ఇంకా తడబడుతున్నాడు అని. యాభై పేపర్లు రాత్రికి రాత్రి దిద్ది, తెల్లారేసరికి మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించాల్సిన టీచర్ దగ్గర ఆ నాలుగు మాటలకు టైమ్ లేదు.