ఒక్క బటన్ నెత్తిలైటు గారికి

మహారాజశ్రీ నెత్తిలైటు గారికి,

ప్రాణహిత ఒడ్డున ఉన్న సిరొంచ రేవు నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. తమరూ క్షేమమే అయి ఉంటారు, తమరికి ఎప్పుడూ ఏమీ కాదు కదా, అయ్యేదంతా మాకే.

మొన్న అమావాస్య రాత్రి ప్రాణహిత నడిమధ్యలో, వల సగం నీళ్లలో సగం పడవలో ఉండగా, తమరిని అడిగింది ఎర్రలైటు ఒక్కటే. తమరు ముందుగా వెయ్యి ల్యూమెన్ల, అంటే కళ్లు చెదిరేంత, తెల్లలైటు దయచేశారు. వద్దని మళ్లీ నొక్కితే మసక తెలుపు. ఇంకోసారి నొక్కితే బరాత్ డీజే లైటులాగ టపటపలాడారు. ఆ తర్వాత ఆపదలో ఉన్నామని నది నదికంతా చాటే సంకేతం. ఇంత ఊరేగింపు అయ్యాకగానీ ఎరుపు రాలేదు. వచ్చి ఏం లాభం? అప్పటికి వెనక తెడ్డు పట్టినవాడికి ఒడ్డు ఏదో, నీళ్లు ఏవో తెలియలేదు.

ఒకే బటన్‌కి ఐదు పనులు అప్పజెప్పిన మహానుభావుడెవరోగానీ, ఆయన రాత్రిపూట పడవ ఎక్కి ఉండడు. తమరు పెట్టె మీద 'ఎర్రలైటు కలదు' అని రాసుకున్నారు, కాదనలేం. కానీ మనిషి కంటికి చీకటి చాలావరకు అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. రెటీనాలోని కడ్డీ కణాల్లో రొడాప్సిన్ అనే పదార్థం మెల్లమెల్లగా కూడుకుంటేనే చీకటి చూపు వస్తుంది. తెల్లలైటు పడిందంటే ఆ కూడినది విరిగిపోతుంది. ఆ కణాలు 500 నానోమీటర్ల దగ్గరి పచ్చనీలి వెలుగుకి బాగా స్పందిస్తాయి, 620 దాటిన ఎరుపుని పెద్దగా పట్టించుకోవు. అందుకే ఎరుపు అడుగుతున్నాం, ముచ్చటకి కాదు. అదీ మసక ఎరుపే కావాలి, కళ్లు చెదిరే ఎరుపైతే అదీ చెడగొడుతుంది. తెలుపు మీదుగా వెళ్తేగానీ తమరి ఎరుపు దగ్గరికి చేరలేమన్నప్పుడు, ఆ ఎరుపు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

ఎరుపుకి వేరే బటన్ పెడితే పోయేదేముంది? అది కుదరదంటే, ఆర్పి ఉన్నప్పుడు బటన్ నొక్కి పట్టుకుంటే నేరుగా ఎరుపు వచ్చేలా పెట్టొచ్చు. టపటప లైటుని మూడుసార్లు గబగబా నొక్కితేగానీ దొరకని మూలకి తోసేయొచ్చు. ఇవన్నీ చేసే లైట్లు బజారులో ఉన్నాయి. కాబట్టి అంగడికి వెళ్లేవాళ్లకి తమరి సమక్షంలోనే చెబుతున్నాం: కొనేముందు వేలు తడి చేసుకుని, కళ్లు మూసుకుని, ఎరుపు వేసి ఆర్పి చూడండి. పక్కనున్నవాడు ఆ కాస్తలో ఎక్కడా తెలుపు రాలేదంటేనే డబ్బులు తీయండి. ఇంకొకటి, కొన్ని లైట్లు ఐదారు సెకన్లు ఒకే మోడ్‌లో ఉంటే తర్వాతి నొక్కుడికి ఆరిపోతాయి, లేదంటే ముందు మోడ్‌కి పోతాయి. దాన్నీ అక్కడే తేల్చుకోండి.

ఎర్ర జిలుగు కాగితం అంటిస్తే సరిపోతుందని అనుభవజ్ఞులు చెబుతారు. అంటించి చూడండి. అంచుల్లోంచి తెలుపు కారుతుంది, పొరపాటున పెద్ద లైటు పడితే వేడికి కాగితం అద్దానికి కరుచుకుపోతుంది.

తమరి పెట్టె మీద బొమ్మ గురించి కూడా ఒక మాట. విల్లు పట్టుకున్న దొర, ఎదురుగా కొమ్ముల దుప్పి, కింద 'వేట మోడ్' అని పచ్చలైటు. ఇక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 9వ సెక్షన్ ప్రకారం వేట నేరం. అడవి అంచున రాత్రిపూట తమరిని నెత్తిన పెట్టుకు తిరిగితే గార్డుకి సమాధానం మేం చెప్పుకోవాలి, బొమ్మలో దొర కాదు. ఇక్కడ తమరితో పని మిరప చేను మంచె మీద కావలి ఉండేవాళ్లకి, వల వేసేవాళ్లకి. కావలివాళ్లకి తమరు చెప్పని సంగతి ఒకటుంది. దుప్పి, నక్క, కుక్క కళ్లు మెరుస్తాయి, కంటి వెనక అద్దంలాంటి పొర ఉంటుంది కాబట్టి. అడవి పందికి ఆ పొర లేదు. మెరిసే కళ్ల కోసం చూస్తూ కూర్చుంటే పంది చేనులో సగం తొక్కి పోతుంది. అక్కడ కావలసింది ఆకారం కనబడేలా దూరం కొట్టే సన్నటి కిరణం. పచ్చలైటు కాదు.

ఆ దూరం లెక్క కూడా తమరు సరిగ్గా చెప్పరు. ల్యూమెన్ అంటే మొత్తం ఎంత వెలుగు పారబోస్తారో అంతే. దూరం చెప్పేది క్యాండెలా, అంటే కిరణం ఒకవైపుకి ఎంత బలంగా కొడుతుందన్న కొలత. పదివేల క్యాండెలాలు ఉంటే 200 మీటర్లు అని రాస్తారు, ఎందుకంటే లెక్కలో ఆ దూరంలో పడేది 0.25 లక్స్, అంటే పున్నమి వెన్నెలంత. మసకగా ఏదో కదిలిందని తెలుస్తుంది, పందా గేదా అన్నది తేలదు. అందులో సగం దూరమే నమ్ముకోవాలి.

ఇక పెట్టె మీది 'పదివేల ల్యూమెన్లు, ఎనిమిది గంటలు'. మర్యాదగా అడుగుతున్నాం, తమరు లెక్కలు ఎక్కడ చదివారు? తమరి కడుపులో ఉండే 18650 రకం లిథియం సెల్లు మంచిదైతే 3500 మిల్లీయాంపియర్ అవర్లు, 3.6 వోల్ట్‌లు. గుణిస్తే పన్నెండున్నర వాట్ అవర్లు. వాట్‌కి వంద ల్యూమెన్లు వేసుకున్నా, వెయ్యి ల్యూమెన్లు గంటా పావు. పదివేలైతే ఏడెనిమిది నిమిషాలు, అదీ తమరు కరిగిపోకుండా ఉంటే. 9900 అని అచ్చేసిన సెల్లు ఇచ్చారు, కిరాణా కాటా మీద పెడితే చాలు: అసలుది 45 గ్రాములకి అటూ ఇటూ తూగుతుంది, దొంగది బాగా తేలిపోతుంది. 'ఇన్ని గంటలు' అన్నదాని వెనకా ఓ కిటుకుంది. టార్చిలైట్లని కొలిచే ఎఫ్ఎల్1 ప్రమాణంలో వెలిగించిన 30 సెకన్లకి కొలిచిన వెలుగు పదోవంతుకి పడిపోయేదాకా గంటలు లెక్కిస్తారు. వెయ్యి అని కొన్నది చివరికి వంద ఇస్తున్నా గంటలు నడుస్తూనే ఉంటాయి. జెల్ల చేపని ముల్లు గుచ్చుకోకుండా వలలోంచి తీయడానికి 20, 30 ల్యూమెన్లు సరిపోతాయి. ఆ మాత్రం వెలుగుతో అదే సెల్లు రాత్రంతా వస్తుంది. ఈ మాట ఏ పెట్టె మీదా ఉండదు.

నీళ్ల సంగతి. నీళ్లకి ఎంత తట్టుకుంటారో చెప్పే గుర్తుల్లో ఐపీఎక్స్4 అంటే తుంపరలకే. పడవకి ఐపీఎక్స్7 కావాలి, అంటే మీటరు లోతులో అరగంట. అదీ ఛార్జింగ్ రంధ్రం మీది రబ్బరు మూత గట్టిగా కూర్చుంటేనే, ప్రాణహిత ఇసుక రేణువు ఒక్కటి దాని కింద దూరనంతవరకే. కొన్నరోజునే లోపల టిష్యూ కాగితం ముక్క పెట్టి, ఆర్పి, బకెట్లో అరగంట ముంచండి. కాగితం తడిస్తే తిరిగి ఇచ్చేయండి. రబ్బరు రింగుకి సిలికాన్ గ్రీజు రాయండి, వేసెలిన్ కొన్ని రకాల రబ్బరుని ఉబ్బిస్తుంది. పడవ తిరగబడితే తమరు తేలరు, కాబట్టి మెడకి తాడు. చౌక రకాల్లో ఉండే నాలుగు వోల్ట్‌ల లెడ్ బ్యాటరీని ఖాళీ చేసి వానాకాలమంతా అటక మీద వదిలేస్తే దసరాకి చచ్చి ఉంటుంది, దానికి వేరే లేఖ రాస్తాం.

పొగమంచు రాత్రుల్లో తమరిని నుదుటికి కట్టుకోవడమే తప్పు. వెలుగు మంచు బొట్టు మీద పడి తిన్నగా కంట్లోకే వస్తుంది, తెల్లగోడ తప్ప ఏమీ కనబడదు. అప్పుడు విప్పి నడుము దగ్గర పట్టుకోవాలి, కిరణం కిందినుంచి పోవాలి. అసలు నది ఖాళీగా ఉన్నంతసేపు ఆర్పేసుకోవడమే మంచిది. మన వన్యప్రాణి చట్టం వచ్చిన ఏడాదే, 1972లోనే, రాసుకున్న అంతర్జాతీయ సముద్ర నియమాల్లో 25వది తెడ్డు పడవని ఏం అడిగిందో తెలుసా? కనీసం ఒక తెల్లలైటు చేతికి అందేలా ఉంచుకో, ఢీకొనే ముందే చూపించు అంది. అంతే. ఐదు మోడ్‌లు ఎవరూ అడగలేదు.

మళ్లీ ఆ బటన్ దగ్గరికే వస్తున్నాను, ఏం చేయను, బుర్రలోంచి పోవట్లేదు. సంచిలో పడేస్తే తనంతట తనే నొక్కుకుంటుంది. నదికి చేరేసరికి సెల్లు ఖాళీ. వెనక మూత పావు తిప్పు వదులు చేస్తే కరెంటు తెగుతుందని మాకు మేమే కనుక్కోవాలి, అదీ మూత తిప్పే మరలకి రంగుపూత ఉన్న రకాల్లోనే. నీ కాగితంలో ఆ ముక్క ఏది? అరవై భాషల్లో హెచ్చరికలున్నాయి, ఒక్క పనికొచ్చే మాట లేదు. నీకు ఎరుపు ఇవ్వడం ఇష్టం లేకపోతే లేదని చెప్పరాదూ? మాకూ ఓపిక ఉంటది గని ఎంతకని! తెడ్డు పట్టినోనికి కళ్లు పోగొట్టి, వల చిక్కుబెట్టి, ఆఖరికి సిగ్గులేకుండా ఎర్రగ నవ్వుతవా?

నీ అద్దం మంచిదే, ఒప్పుకుంటాం. అవతలి ఒడ్డున కట్టేసిన పడవ గుంజ దాకా సన్నగా, మచ్చ లేకుండా కొడతావు. అందుకే పారేయలేదు. నీ సెల్లు తీసి చేతి బ్యాటరీ లైటులో వేసుకున్నాం. దానికీ ఒక్కటే బటన్, కానీ దాని పని కూడా ఒక్కటే. ఎరుపుకి వేరే బటన్ పెట్టుకుని వస్తే అప్పుడు మాట్లాడుకుందాం.

ఇట్లు,
పడవలో నీ ఎదురుగా కూర్చునేవాళ్లు

తా.క.: నీ పట్టీ మాత్రం తిరిగివ్వం. తెడ్లు కలిపి కట్టడానికి బాగుంది.